తొలి నేరారోపణ – మన కర్తవ్యము

తెల్లవారకముందు ఎవరైన తలుపు తట్టినచో అది శుభవార్త కాదని మన పెద్దలు చెప్పుదురు. 2017వ సంవత్సరము డిసెంబరు మాసములో ఒకనాడు, ఫజర్ అజాన్ ఇంకను వినబడక పూర్వమే, కాప్రాలో మేము అద్దెకున్న గది తలుపు ఎవరో తట్టినారు. తెరచి చూడగా మా విద్యార్థి ఒకని తండ్రి. నాచారము పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారమున రాత్రి షిఫ్టు చేయుచుండగా కబురందినదట. ఇంటికైనను పోక తిన్నగా మా యొద్దకు వచ్చినాడు. చేతిలో టిఫిన్ డబ్బా అట్లే ఉన్నది. కూర్చుండుమన్నను కూర్చుండలేదు.

“సార్, మా పోరగాడు రాత్రి కొట్లాటల ఇరుక్కున్నడు. తాగి ఉన్నడంటున్నరు. అవతలి పిలగాని తల పగిలిందట. కేసు రాసుకున్నరట. మీరొక్క కాగితం రాసియ్యున్రి సార్. రాత్రి పది పదకొండు దాంక వాడు కాలేజిలనే ఉన్నడని రాసియ్యున్రి, చాలు.”

ఆనాడు మేము మరియొక కళాశాలలో గంటల లెక్కన వేతనము పుచ్చుకొను ఉపన్యాసకులము. వార్షికోత్సవపు సన్నాహములు జరుగుచున్న దినములు. అట్టి కాగితము వ్రాసిన నమ్మువారు లేకపోలేదు. కలము తీసినాము. తేదీ కూడ వేసినాము. తరువాత వ్రాయలేకపోతిమి. ధర్మనిష్ఠవలన ఆగితిమని ఇప్పుడు చెప్పుకొనుటకు మనసొప్పదు. నిజము బయటపడిన ఉద్యోగము పోవునన్న భయమువలన ఆగితిమి. “ఇది మావల్ల కాదు” అని చెప్పి ఆయనను పంపివేసితిమి. ఆయన డబ్బా పట్టుకొని చీకటిలోనే వెళ్ళిపోయినాడు.

అబద్ధపు కాగితము వ్రాయకపోవుట తప్పు కాదు. కాని ఆ కాగితము బదులు చేయవలసినదేమో ఒక్క మాటయైనను చెప్పకపోవుట మా తప్పు. నిజమునకు ఏమి చేయవలెనో మాకును తెలియదు. ఎం.ఏ. పట్టాతో బయటికి వచ్చినవారము, ఛందస్సు చెప్పగలము, వ్యాకరణము చెప్పగలము, ఠాణాకు పోవలసిన తండ్రికి దారి చెప్పలేము. ఆ ఉదయము నుండి నాలుగు సంవత్సరములలో ఆ కుటుంబమునకు జరిగినదంతయు చూచిన పిమ్మట ఈ వ్యాసము వ్రాయవలెనని తోచినది.

కాప్రా సంగతి తెలియనివారికి రెండు మాటలు. ఒకప్పుడిది చెరువు, పొలములు గల పల్లె. 1967లో ఈసీఐఎల్, 1971లో అణు ఇంధన సముదాయము ఈ ప్రాంతమునకు వచ్చినవి. నాచారము, మల్లాపూరు, చర్లపల్లి పారిశ్రామికవాడలు పెరిగినవి. 2007లో కాప్రా పురపాలక సంఘము మహానగరపాలక సంస్థలో కలిసినది. కర్మాగారములలో పనికని జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన ఇండ్లు ఇచ్చట వేలకొలది. అట్టి ఇండ్లలో ఎన్నింటనో డిగ్రీ తరగతి మెట్లు ఎక్కిన మొదటివాడు మన తరగతిలో కూర్చున్న పిల్లవాడే. వానిపై ఒక కేసు పడినచో పడునది వాడొక్కడే కాదు, ఇల్లంతయు.

ఆ రాత్రి జరిగినది ఇది. నలుగురు మిత్రులలో ఒకనికి ఉద్యోగము దొరికినది. ఆ సంతోషములో ఈసీఐఎల్ చౌరస్తా వైపు ఒక మద్యపు దుకాణము వెనుకనున్న పర్మిట్ రూములో కూర్చున్నారు. మనవానికి అప్పుడు పందొమ్మిది సంవత్సరములు. త్రాగుట అదే తొలిసారి కాదని తరువాత తెలిసినది. బయటికి వచ్చి బండి తీయుచుండగా అది నిలిపియున్న ఆటోకు తగిలినది. ఆటో యువకుడు ఒక మాట అన్నాడు, వీరు రెండు మాటలు అన్నారు. ఎవరు మొదట చేయి చేసికొన్నారో చెప్పగలవారు లేరు. సీసా ఎవరి చేతిలో ఉన్నదో మాత్రము అందరు చెప్పినారు. ఆటో యువకుని కనుబొమపై ఏడు కుట్లు పడినవి. తల తిరుగుడువలన మూడు వారములు ఆటో నడపలేకపోయినాడు. ఆ ఆటో ఫైనాన్సు మీద కొన్నది. కిస్తీ మాత్రము ఆగదు కదా!

నాటి భారత శిక్షాస్మృతిలోని 324వ సెక్షను క్రింద కేసు నమోదయినది. ప్రమాదకరమైన ఆయుధముతో గాయపరచుట ఆ సెక్షను విషయము. గరిష్ఠ శిక్ష మూడు సంవత్సరములు. ఏడు సంవత్సరములలోపు శిక్షగల నేరములలో అవసరము లేనిదే అరెస్టు చేయరాదనియు, హాజరు కమ్మని నోటీసు ఇయ్యవలెననియు సుప్రీంకోర్టు 2014లో అర్నేశ్ కుమార్ వ్యాజ్యమున గట్టిగా చెప్పియున్నది. ఆ ప్రకారమే మనవాని ఇంటికి నోటీసు వచ్చినది. అనగా చట్టము మొదటి దినముననే ఒక తలుపు తెరచి ఉంచినది. హాజరై, పిలిచినప్పుడెల్ల వచ్చెదనని చెప్పినచో అరెస్టు లేకయే నడచిపోవలసిన వ్యవహారము.

ఇంటివారు ఆ తలుపు గుండ పోలేదు. నోటీసు వచ్చిన రాత్రియే వానిని బీదరులోని చుట్టములయింటికి పంపివేసినారు. పేటలో ఒక పెద్దమనిషి “అంతయు నేను చూచుకొందును” అని అరువది వేలు పుచ్చుకొన్నాడు. ఆ సొమ్ము ఎవరికి చేరినదో నేటికిని తెలియదు. కళాశాలవారు తొమ్మిది దినములలో బదిలీపత్రము చేతికిచ్చి, నడవడి “తృప్తికరము కాదు” అని వ్రాసినారు. వానిని పిలిచి అడిగినవారు లేరు. ఆ సమావేశములో మేమును వెనుక వరుసలో కూర్చుండియున్నాము. నోరు మెదపలేదు.

ఏడు మాసములు దాగియున్న పిమ్మట, ఇంటికి వచ్చిన రాత్రి అరెస్టయినాడు. నోటీసును మన్నించనివానిని అరెస్టు చేయుటకు చట్టము అనుమతించును కదా! పదకొండు దినములు కారాగారము. జమానతుపై వచ్చిన తరువాత వాయిదాలు రెండు తప్పినందున వారంటు. 2019లో మేనమామ గల్ఫునుండి వీసా పంపినాడు. నడచుచున్న క్రిమినలు కేసు ఉన్నందున పాస్‌పోర్టు చిక్కులో పడినది. 2020లో కరోనావలన న్యాయస్థానములే స్తంభించినవి. 2021 నవంబరులో నేరము ఒప్పుకొనగా, న్యాయమూర్తి వానిని కారాగారమునకు పంపలేదు. 1958 నాటి నేరస్థుల ప్రొబేషను చట్టము 4వ సెక్షను క్రింద సత్ప్రవర్తన పూచీపై విడిచిపెట్టి, గాయపడినవానికి పరిహారము చెల్లింపుమన్నాడు. అంతటితో కేసు ముగిసినది.

ఇప్పుడు లెక్క చూడుడు. కేసు వానినుండి తీసికొన్నది ఒక పూచీకత్తు, కొంత పరిహారము. మరి డిగ్రీ పోయినది ఎందువలన? కళాశాల తొందరపాటువలన. పదకొండు దినముల చెర ఎందువలన? దాగుటవలన. అరువది వేలు ఎందువలన? దలారీని నమ్ముటవలన. గల్ఫు ఉద్యోగము పోయినది ఎందువలన? జాప్యమువలన. కేసుకంటె కేసును దాచుటయే వానిని ఎక్కువగా చెరచినది. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఈ ఒక్కటే.

అట్లని త్రాగి కొట్టినవాని పక్షము వహించి మాటాడుచున్నామని ఎవరును తలపరాదు. మత్తు మన్నింపునకు కారణము కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలోను, 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 23, 24 సెక్షనులలోను మాట ఒక్కటే. తనకు తెలియకయో, తన ఇష్టమునకు విరుద్ధముగానో మత్తు ఎక్కించినప్పుడే ఆ మత్తు రక్షణ యగును. తానుగా త్రాగినవాడు తెలివిలోనున్నవానితో సమానముగ ఎరిగి చేసినట్లే చట్టము ఎంచును. 1956లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన బాస్‌దేవ్ వ్యాజ్యము న్యాయశాస్త్ర విద్యార్థులందరు చదువుదురు. పెండ్లివిందులో కుర్చీ కొరకు జరుగుమన్న జరుగలేదని, త్రాగియున్న ఒక మాజీ సైనికుడు ఒక బాలుని తుపాకితో కాల్చినాడు. బాలుడు మరణించినాడు. మత్తులో ఉంటినన్న వాదమును న్యాయస్థానము త్రోసిపుచ్చినది. కుర్చీ కొరకు ఒక ప్రాణము! మన ఆటో తగాదాకును దానికిని దూరము ఎంత? సీసా రెండంగుళములు క్రిందికి దిగియుండినచో ఆ యువకుని కన్ను పోయియుండును. మరికొంత బలముగా తగిలియుండినచో ఈ వ్యాసము వేరు విధముగా వ్రాయవలసివచ్చెడిది.

మత్తు లేని కొట్లాటయైనను ఎంత దూరము వెంటాడునో పంజాబులో నవజ్యోత్ సింగ్ సిద్ధు వృత్తాంతము చెప్పును. 1988 డిసెంబరులో పటియాలాలో దారి విషయమై తగవు వచ్చి, ఆయన కొట్టిన దెబ్బకు 65 ఏండ్ల వృద్ధుడు మరణించినాడని కేసు. 1999లో విడుదల, 2006లో హైకోర్టులో మూడేండ్ల శిక్ష, 2018లో సుప్రీంకోర్టులో వేయి రూపాయల జరిమానా, తిరిగి 2022 మేలో అదే సుప్రీంకోర్టు ఒక సంవత్సరపు కఠిన కారాగారము. క్రికెటు ఆటగాడు, పార్లమెంటు సభ్యుడు, మంత్రి అయినను ముప్పదిమూడేండ్లకు పైబడి ఆ దెబ్బ వెంబడించినది. పేరు, పలుకుబడి గలవారి గతియే ఇట్లున్నప్పుడు బస్తీ కుర్రవాని సంగతి చెప్పవలెనా?

విద్యార్థులారా! నేటి చట్టములో మీరు తెలిసికొనవలసిన వివరములు కొన్ని ఉన్నవి. చేతితో కొట్టి స్వల్పముగా గాయపరచినను న్యాయ సంహిత 115(2) క్రింద ఒక సంవత్సరము వరకు శిక్ష, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండును. ఆయుధముతో గాయపరచినచో 118(1) క్రింద మూడు సంవత్సరములు. పగిలిన సీసా ఆయుధమే. ఎముక గాని పన్ను గాని విరిగినచో అది తీవ్రగాయమై 117(2) క్రింద ఏడు సంవత్సరములకు పోవును. త్రాగి బహిరంగ స్థలమున అల్లరి చేసినందుకే 1860 నాటి చట్టములో ఇరువదినాలుగు గంటల కారాగారమో, పది రూపాయల జరిమానాయో ఉండెను. ఇప్పుడు జరిమానా వేయి రూపాయలకు పెరిగినది. దానికి బదులుగ సమాజసేవ చేయించు పద్ధతియు క్రొత్తగా చేరినది. కొట్టి బాగుచేయుటకంటె పని చేయించి బాగుచేయుట మేలని చట్టము తలచినది కాబోలు.

తొలిసారి కేసులో చిక్కినవారికి చట్టము చూపు దయ ఇంతకంటె పెద్దది. మేము చెప్పిన 1958 నాటి చట్టము నేటికిని అమలులో ఉన్నది. మరణశిక్ష గాని యావజ్జీవ శిక్ష గాని లేని నేరములలో, పరిస్థితులను, నడవడిని చూచి న్యాయమూర్తి పూచీపై విడువవచ్చును. ఇరువదియొక్క ఏండ్లు నిండనివానిని కారాగారమునకు పంపదలచినచో కారణములు వ్రాసి తీరవలెను. అట్లు విడుదలయైనవానికి శిక్షవలన వచ్చు అనర్హతలు అంటవని 12వ సెక్షను చెప్పును. అయితే ఆ వయస్సు నేరము చేసిన దినమునది కాదు, న్యాయస్థానము దోషిగా తేల్చి శిక్షను విచారించు దినమునది. 1962లో రాంజీ మిశ్ర్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ విషయము తేల్చినది. మనవాడు పందొమ్మిది ఏండ్లప్పుడు తప్పు చేసి, దాగి దాగి, ఇరువదిమూడవ యేట తీర్పు విన్నాడు. ఇరువదియొక్క ఏండ్ల లోపువారికి చట్టమిచ్చిన కోట గోడ దాటి వాడే బయటికి వచ్చినాడు. న్యాయమూర్తి దయగలవాడగుటచే బ్రతికినాడు.

కనుక నోటీసు వచ్చిననాడు పారిపోవలదు. వకీలును వెంటబెట్టుకొని హాజరు కండు. వకీలుకు సొమ్ము లేనిచో 1987 నాటి న్యాయసేవా సంస్థల చట్టము క్రింద జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. 15100 సంఖ్యకు ఫోను చేసినను దారి చెప్పుదురు. నిర్బంధములో ఉన్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత వకీలు హక్కు. అరెస్టయినచో కారణము తెలిసికొనుట, వకీలును సంప్రదించుట, ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలుపబడుట రాజ్యాంగము 22వ అధికరణము ఇచ్చిన హక్కులు. తనకు వ్యతిరేకముగా తాను సాక్ష్యమియ్యనక్కర లేదని 20వ అధికరణము చెప్పును. అయితే ఒక్క మాట గుర్తుంచుకొనుడు. మౌనము హక్కే గాని అబద్ధము హక్కు కాదు. అబద్ధపు సాక్షులను, కాగితములను పుట్టించినచో ఒక కేసు రెండు కేసులగును.

రాజీ విషయములోను మనవారికి తప్పుడు అభిప్రాయములున్నవి. పేటలో నలుగురు కూర్చుండి కాగితము మీద సంతకములు చేసినంత మాత్రమున కేసు పోదు. స్వల్పగాయపు కేసులో గాయపడినవాడు న్యాయస్థానములో రాజీ పడవచ్చును. తీవ్రగాయపు కేసులో న్యాయస్థానము అనుమతి కావలెను. ఆయుధముతో గాయపరచిన సెక్షను రాజీ పట్టికలోనే లేదు. అట్టి కేసులో ఇరుపక్షములు కలిసినప్పుడు కొట్టివేయుమని హైకోర్టును ఆశ్రయింపవచ్చునని 2012 నాటి జ్ఞాన్ సింగ్ తీర్పు దారి చూపినది. ఈ సంగతులు తెలియనందుననే దలారీలు బ్రతుకుచున్నారు.

ఇక ఉద్యోగపు దరఖాస్తులు. “మీపై ఏదైన కేసు ఉన్నదా?” అను గడి వచ్చినప్పుడు కలము వణకును. ఢిల్లీ పోలీసు శాఖలో ఉద్యోగమునకు 1999లో దరఖాస్తు చేసిన ఒక యువకుడు ఆ గడిలో “లేదు” అని వ్రాసినాడు. అద్దెకున్నవారితో ఇంటివారికి జరిగిన కొట్లాట కేసు, రాజీపై ముగిసినది. శాఖవారు ఉద్యోగమియ్యలేదు. 2011లో సుప్రీంకోర్టు, పడుచువాండ్రు పొరపాట్లు చేయుదురు, జీవితాంతము ముద్ర వేయరాదని ఆ యువకుని పక్షముననే తీర్పు చెప్పినది. అయినను పండ్రెండు సంవత్సరములు వ్యాజ్యములో గడచినవి. తరువాత 2016లో అవతార్ సింగ్ వ్యాజ్యమున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, చెప్పవలసినది నిజమే చెప్పవలెననియు, స్వల్పనేరములను యజమాని మన్నింపవచ్చుననియు, దాచినందుకే ఉద్యోగము తీసివేయవచ్చుననియు వివరించినది. ఇచ్చటను నీతి ఒక్కటే. తప్పుకంటె దాపరికము ప్రమాదము. పాస్‌పోర్టు కూడ అంతే. నడచుచున్న కేసు ఉన్నచో 1967 చట్టము ప్రకారము నిరాకరింపవచ్చును. కాని న్యాయస్థానము అనుమతించినచో పరిమిత కాలమునకు పొందవచ్చునని 1993 నాటి ప్రకటన ఉన్నది. అడిగినవారికి దారి ఉన్నది. దాగినవారికి లేదు.

ఇంతవరకు చట్టము మాట. మన ఇండ్లలో దాపరికమునకు మరియొక కారణమున్నది. మద్యము మనకు నిషిద్ధము. కొట్టినాడనుటకంటె త్రాగినాడనుటయే తల్లిదండ్రులకు పెద్ద అవమానము. ఆ తల్లి ఇరుగుపొరుగుతో “మా వాడు ముట్టనే ముట్టలేదు, ఆటోవాండ్లే కొట్టినారు” అని మూడు సంవత్సరములు చెప్పినది. పాపము, ఆమెకు ఇజ్జతు కాపాడుకొను దారి మరియొకటి కనబడలేదు. కాని మన పెద్దలు నేర్పిన పాఠమేమి? హుకూకుల్లాహ్ వేరు, హుకూకుల్ ఇబాద్ వేరు. దైవమునకు చెందిన హక్కులో తప్పినచో పశ్చాత్తాపముతో దైవమును వేడుకొందుము. సాటిమనిషి హక్కులో తప్పినచో ఆ మనిషి మన్నింపవలెను, వాని నష్టము తీర్చవలెను. త్రాగుట మొదటి లెక్క. ఏడు కుట్లు రెండవ లెక్క. మొదటిదానిని దాచు తొందరలో రెండవదానిని మనము మరచినాము.

తీర్పునకు కొలది దినముల ముందు ఆ తండ్రి మమ్ము వెంటబెట్టుకొని ఆటో యువకుని ఇంటికి పోయినాడు. అది కుషాయిగూడ వైపు రెండు గదుల ఇల్లు. కనుబొమపై మచ్చ అట్లే ఉన్నది. టీ ఇచ్చినాడు. పరిహారపు మాట ఎత్తగానే అతడు అన్న మాట మేము నేటికిని మరువలేదు.

“పైసలు తర్వాత సంగతి చాచా. నాలుగేండ్లాయె. ఒక్కనాడన్న నీకెట్లున్నది బిడ్డా అని అడగనీకి ఒక్కరన్న వచ్చిండ్రా?”

తండ్రి జవాబు చెప్పలేదు. మేమును చెప్పలేదు. మా తలలు వంగినవి. నాలుగేండ్లలో వకీళ్ళను చూచితిమి, దలారీలను చూచితిమి, తాయెత్తులు కట్టువారిని కూడ చూచితిమి. గాయపడినవానిని చూడలేదు. ఆ మరుసటి వాయిదాకు అతడే వచ్చి, వాడు మారినాడని, జైలు వలదని న్యాయమూర్తితో చెప్పినాడు. అదే మాట మొదటి మాసములో అడిగియుండిన ఎట్లుండెడిదో! అయితే ఒక హెచ్చరిక. కేసు నడచుచుండగా నిందితుడు తానుగా సాక్షుల ఇంటికి పోరాదు. బెదిరించినాడన్న మరియొక నింద పడును. పెద్దలు, వకీలు ఎరుకతో, అవతలివారి ఇష్టము తెలిసికొని, మర్యాదగా పోవలెను. బేరమునకు కాదు, పరామర్శకు పోవలెను.

ఇక కళాశాల కమిటీవారికి మా విన్నపము. ఎఫ్.ఐ.ఆర్. అనగా ఆరోపణ, తీర్పు కాదు. దానిని చూచి బదిలీపత్రము చేతికిచ్చుట న్యాయస్థానముకంటె ముందు శిక్ష వేయుట. “పత్రికలలో కళాశాల పేరు వచ్చును, అల్పసంఖ్యాకుల సంస్థయన్న పేరే చెడును” అని కొందరు పెద్దలు అనుట మేము విన్నాము. వారి ఆందోళన అర్థము కానిది కాదు. మనవానిని ఒకని పట్టుకొని మనవారందరిని తూలనాడువారు లోకములో లేకపోలేదు. అయినను రాజ్యాంగము 30వ అధికరణము మనకు విద్యాసంస్థలను నెలకొల్పుకొను హక్కునిచ్చినది పరువుగల పిల్లలకొరకు మాత్రమేనా? వంద మార్కులవానిని ఏ కళాశాలయైనను చేర్చుకొనును. తడబడినవానిని నిలబెట్టునదే మన కళాశాలకు పేరు తెచ్చును. తరగతినుండి వెళ్ళగొట్టినవాడు సాయంకాలము ఏ చౌరస్తాలో, ఎవరి సరసన నిలుచుండునో ఆలోచింపవలెను.

తోటి విద్యార్థులకు ప్రమాదము కలిగించువానిని విచారించి కొంతకాలము దూరముంచుట వేరు. దానికి మేము అడ్డు చెప్పము. గాయపడినవాడు మన విద్యార్థియే అయినచో వాని రక్షణ మొదటిది. మేము కోరునది నాలుగు సంగతులు. మొదటిది, పిలిచి విననిదే ఎవరిని తొలగింపరాదు, పరీక్షకు కూర్చుండనీయవలెను. రెండవది, ఉపన్యాసకులలో ఒకరిని ఈ పనికి నియమించి, జిల్లా న్యాయసేవాధికార సంస్థతో పరిచయము కల్పింపవలెను. తెల్లవారుజామున తలుపు తట్టు తండ్రికి ఆ ఒక్కరి పేరు తెలిసియుండవలెను. మూడవది, నడవడిపత్రములో చూచినదే వ్రాయవలెను. కేసు విని చెడుగా వ్రాయుటయు, కనికరించి అబద్ధము వ్రాయుటయు రెండును తప్పే. నాల్గవది, సంవత్సరమునకు ఒక దినము ఒక వకీలునో, విశ్రాంత న్యాయమూర్తినో పిలిపించి తొలి సంవత్సరపు విద్యార్థులకు ఈ చట్టములు చెప్పింపవలెను. దీనికగు ఖర్చు వార్షికోత్సవపు పూలదండల ఖర్చును మించదు.

ఇట్లు దయ చూపినచో త్రాగుట పెరుగునని కొందరనవచ్చును. మా అనుభవము వేరు. భయముతో త్రాగుట మానినవానిని మేము చూడలేదు, భయముతో దాచుట నేర్చినవారిని మాత్రము చాలమందిని చూచితిమి. ఆ విద్యార్థి తల్లిదండ్రులకు వాని అలవాటు ఒక సంవత్సరము ముందే తెలియును. మాకును అనుమానముండెను. ఉదయపు తరగతిలో వాని ఎర్రని కన్నులు చూచి చూడనట్లూరకుంటిమి. పిలిచి ఒక్క మాట అడిగియుండినచో ఆ రాత్రి సీసా వాని చేతిలో ఉండెడిది కాదేమో! దయ అనగా చూచి చూడనట్లుండుట కాదు. ముందుగా అడుగుటయే దయ.

ఆ యువకుడు ఇప్పుడు మల్లాపూరులో ఒక బ్యాటరీల దుకాణములో పనిచేయుచున్నాడు. త్రాగుట మానినాడు. దూరవిద్యలో డిగ్రీ తిరిగి మొదలుపెట్టినాడు, ఇంకను రెండు పరీక్షలున్నవి. నెలకొకసారి మా ఇంటికి వచ్చును. ఈ వ్యాసము వ్రాయుటకు అనుమతి అడిగినప్పుడు “పేరు రాయకున్రి సార్, కని అంత రాయున్రి” అన్నాడు. వ్రాసినాము.

తేదీ మాత్రము వేసి విడిచిన ఆ కాగితము మా యొద్ద నేటికిని ఉన్నది. ఆనాడు దానిపై వ్రాయవలసినది అబద్ధము కాదు. ఒక వకీలు చిరునామా, ఒక ఫోను సంఖ్య, “రేపు ఉదయము నేనును మీ వెంట వచ్చెదను” అను ఒక్క వాక్యము. మూడు పంక్తుల పని. ఇకముందు మన కళాశాల తలుపు తట్టువారెవరును అట్లు ఉత్తచేతులతో తిరిగిపోకుండుగాక.